పనిచేసే కంప్యూటర్లను మూలన పడేయకండి: రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖ, ఐటీ శాఖ అధికారులకు బహిరంగ లేఖ

పాఠశాల విద్యాశాఖ, కళాశాల విద్యాశాఖ, ఐటీ శాఖ అధికారులకు నమస్కారం.

పల్నాడు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. మా చుట్టుపక్కల హైస్కూళ్ల ల్యాబుల్లో ఉన్న సిస్టమ్‌లను 'విండోస్ 10 అయిపోయింది' అనే ఒక్క కారణంతో పక్కన పెట్టేస్తున్నారని తెలిసింది. మేం కొందరం మెకానిక్కులం, మాతో కలిసొచ్చిన టీచర్లు వెళ్లి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం. వాటిలో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి మళ్లీ నడిపిస్తాం, మాకు పైసా అక్కర్లేదు, అనుమతి ఇస్తే చాలని రాశాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. స్కూలుకు వెళ్లి చూస్తే కంప్యూటర్లు కవర్లు కప్పి ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్లీ వెళ్లి అడిగితే, సాఫ్ట్‌వేర్ మార్చాలంటే పైనుంచి ఉత్తర్వులు రావాలన్నారు. ఆ ఉత్తర్వులు ఇవ్వగలిగింది మీరు. తెలంగాణలో ఇదే పని చేసే మిత్రులు కూడా ఇవే ఇబ్బందులు చెబుతున్నారు కాబట్టి రెండు ప్రభుత్వాలకూ కలిపి రాస్తున్నాను.

ముందు విషయం చెబుతాను. విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలుగా అందే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. అంటే 2017కు ముందు తయారైన కంప్యూటర్లలో అత్యధికం దానికి పనికిరావు. వాటి మదర్‌బోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది, కీబోర్డు బాగుంది. పాడైంది ఏమీ లేదు. కంపెనీ ఒక తేదీ పెట్టింది, అంతే.

ఆ తేదీతో పనిలేని దారి ఒకటి ఉంది. 1991లో హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్, అంతకు ముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, ఈ రెండూ కలిసి ఇవాళ ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ లాంటి పేర్లతో దొరుకుతున్నాయి. కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. వాడుకోవచ్చు, కాపీ చేసి పక్కవాళ్లకు ఇవ్వచ్చు, మార్చుకోవచ్చు. మన చేతుల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ నడిచేది లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మీదే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. కాబట్టి ఇదేదో ప్రయోగదశలో ఉన్న వస్తువని దయచేసి అనుకోవద్దు.

దీన్ని పక్కన పెట్టడం వల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. పేదవాళ్ల ఇళ్లలో పనికొచ్చే యంత్రం చేతులారా పోతోంది. ఈ మధ్య డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి తన ల్యాప్‌టాప్ తెచ్చింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. విండోస్ 11కు ఈ కంప్యూటర్ సరిపోదని తెర మీద మెసేజ్ వస్తోంది. దీన్ని అమ్మితే ఎంతొస్తుంది, కొత్తది ఇన్‌స్టాల్‌మెంట్ మీద ఎంతలో దొరుకుతుంది అని అడగడానికే వచ్చింది. నేను లినక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి దాని మీదే కంప్యూటర్ ఆన్ చేశాను. లోపలి డిస్క్‌ను తాకకుండానే మొత్తం సిస్టమ్ పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. నచ్చకపోతే తీసేసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. వైఫై దానంతట అదే పట్టుకుంది. ఆ అమ్మాయి తన ప్రాజెక్టు రికార్డు తెరిచింది, పేజీ నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది, తర్వాత వీడియో పాఠం పెట్టి సౌండ్ వస్తోందో లేదో చూసింది. అప్పుడు 'వేసేయండి అన్నా' అంది. హార్డ్ డిస్క్ తీసి, అంతకన్నా వేగంగా పనిచేసే చిన్న ఎస్ఎస్‌డీ పెట్టాం. ఆమెకు అయిన ఖర్చు అదొక్కటే. మింట్‌కు 2 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. మింట్ 22కు, ఉబుంటు 24.04కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఆ తర్వాత వచ్చే వెర్షన్ కూడా ఉచితమే. ఇంత సులువైన సంగతి ఆ అమ్మాయికి కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

2. దొంగ కాపీలు ఊరూరా పాకిపోయాయి. మార్కెట్లో విండోస్ లేకుండా తక్కువ ధరకు దొరికే ల్యాప్‌టాప్‌ను 'డాస్ ల్యాప్‌టాప్' అంటారు. అది కొన్నవాళ్లకు చాలా షాపుల్లో క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన ఆఫీస్ కొట్టిచ్చేస్తారు. ఆ దొంగ కాపీని అసలుదిలా నడిపించే యాక్టివేటర్ అనే ప్రోగ్రామ్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమని అదే చెబుతుంది. అంటే ఇంటికొచ్చిన అపరిచితుడికి మనమే గొళ్లెం తీసి లోపలికి పిలిచినట్టు. నెలలు గడిచాక ఫొటోలు, ఫైళ్ల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు చేరతాయి, డబ్బు కడితేనే తెరుస్తామని ఒక టెక్స్ట్ ఫైల్ కనిపిస్తుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, చిన్న వ్యాపారి ఖాతాల లెక్కలు అలా పోవడం నా షాపులో కళ్లారా చూశాను. వాళ్లకు నేను తిరిగి ఇవ్వగలిగింది ఖాళీ డిస్క్ మాత్రమే. ఇందులో నేరం ఎవరిదన్న చర్చ కన్నా నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. చట్టబద్ధంగా, ఉచితంగా దొరికే సిస్టమ్ ఉండగా, ఆ సంగతి తెలియకే మనవాళ్లు దొంగ కాపీ వాడేవాళ్లు అవుతున్నారు. ప్రభుత్వ బడుల్లో, ఆఫీసుల్లో ఒక్క కంపెనీ సరుకే కనిపిస్తే, అది లేకపోతే కంప్యూటరే లేదని జనం అనుకోవడంలో తప్పేముంది?

3. అప్‌డేట్లు లేని సిస్టమ్ వాడటం ఎంత ప్రమాదమో మన రాష్ట్రం ఒకసారి చూసింది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు ఆ ఏడాది మార్చిలోనే విడుదలైంది. దెబ్బతిన్నవి ముఖ్యంగా ఆ మందు వేసుకోనివి, వేసుకునే వీలు లేనివి. ఇప్పుడు విండోస్ 10 మీద మిగిలిపోయిన ప్రతి కంప్యూటర్‌కూ ఆ పరిస్థితే వస్తుంది. అప్‌డేట్లకు గడువు పొడిగింపు ఉంది కదా అంటారు. ఇళ్లలో వాడే వాటికి అది 2026 అక్టోబర్ 13 దాకే. దానికీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, 30 డాలర్లు కట్టాలి లేదా వాళ్ల షరతులకు ఒప్పుకోవాలి. విద్యాసంస్థలకు చవగ్గానే ఇస్తున్నారు, మొదటి ఏడాది ఒక డాలర్, రెండో ఏడాది రెండు, మూడో ఏడాది నాలుగు. అది మూడేళ్లతో సరి. మూడేళ్ల తర్వాత మళ్లీ ఇదే గుమ్మం ముందు నిలబడతాం.

లినక్స్‌లో లోపాలే ఉండవని నేను చెప్పను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఎవరో కావాలని దొంగ దారి పెట్టారు. దాన్ని పట్టుకున్నది మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ కావడానికి మామూలు కన్నా సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చి, ఆ ప్రోగ్రామ్‌ను తవ్వి చూశాడు. సరుకు అందరి ముందూ తెరిచి ఉంది కాబట్టి బయటి మనిషి ఒకడు దాన్ని పరీక్షించి లోకానికి చెప్పగలిగాడు. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఆ అవకాశం కంపెనీ దయ మీద ఉంటుంది.

4. సొంత డబ్బుతో కొన్న కంప్యూటర్ మీద కొన్నవాడి మాట చెల్లడం లేదు. విండోస్ 11 హోమ్ వేయాలంటే మొదట్లోనే ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి ఈమెయిలే ఉండదు. ఎవరో ఒక కుర్రాడి ఈమెయిల్ పెట్టి నడిపిస్తారు, ఆ కుర్రాడు పాస్‌వర్డ్ మర్చిపోతే కంప్యూటర్‌లోకి వెళ్లే దారి మూసుకుపోతుంది. తెర మీద జరిగేదాన్ని ఎప్పటికప్పుడు ఫొటోలు తీసి దాచే రికాల్ అనే సదుపాయాన్ని 2024లో ప్రకటించారు. గట్టిగా విమర్శలొచ్చాక దాన్ని ఆపి, మార్పులు చేసి, వినియోగదారు ఒప్పుకుంటేనే పనిచేసేలా 2025లో విడుదల చేశారు. ఈసారి విమర్శలకు తలొగ్గారు, మంచిదే. ప్రతిసారీ అలా జరుగుతుందన్న హామీ ఎక్కడుంది?

5. తెలుగు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. లినక్స్‌లో తెలుగు టైపింగ్‌కు ఏదీ కొనక్కర్లేదు. ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, పాత డీటీపీ ఆపరేటర్లకు అలవాటైన ఆపిల్ పద్ధతి ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. గిడుగు, గురజాడ, ధూర్జటి, మండలి లాంటి అందమైన యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే అక్షర పద్ధతి) ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. ఎవరి అనుమతీ అడగనక్కర్లేకుండా ఆ పని చేయగలిగారంటే కోడ్ తెరిచి ఉండబట్టే. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నైలో తయారుచేసిన బాస్ లినక్స్‌లో కూడా తెలుగు ఉంది, అది కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో తయారైంది.

ఇంత ఉన్నా మన ఆఫీసుల్లో ఇప్పటికీ చాలా నోట్లు, ప్రెస్ నోట్లు, సర్క్యులర్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో తయారవుతున్నాయి. ఆ ఫైల్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు, గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి పంపినా అందులో ఒక్క పదం వెతకడం కుదరదు. కాపీ చేస్తే చెత్త వస్తుంది. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. రైతు తన పథకం ఉత్తర్వులో తన మండలం పేరు ఉందో లేదో సెర్చ్ చేసి చూసుకోలేడు. ఇది లినక్స్ వాడేవాళ్ల బాధ మాత్రమే కాదు, అయితే మొదట తగిలేది వాళ్లకే. తెలుగు ప్రభుత్వాల కాగితాలు తెలుగువాడి కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

6. పిల్లల చదువు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబులు ఇచ్చారు, ప్రైవేటు సంస్థలతో అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఒప్పందం గడువు తీరగానే బోధకులు పోయారు, చాలాచోట్ల గదులకు తాళాలు పడ్డాయి. కేరళ వేరే దారిన వెళ్లింది. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి, తన టీచర్లకు తానే శిక్షణ ఇచ్చుకుని, బడుల కోసం లినక్స్‌ను తానే తయారుచేసుకుంది. 2017లో దాన్ని కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మార్చారు. 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఈ సిస్టమ్ వేయడం వల్ల రూ.3,000 కోట్లు ఆదా అవుతాయని 2019లో కైట్ ప్రకటించింది. అన్ని లైసెన్సులూ పూర్తి ధరకు కొంటే అన్న లెక్క అది, అందులో సగమే నమ్మినా చిన్న మొత్తం కాదు. నాకు మాత్రం డబ్బు కన్నా పెద్దదిగా కనిపించేది మనుషులు. అక్కడ లెక్కల మాస్టారు జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీసి చూపించగలడు, కంప్యూటర్ మొండికేస్తే తనే మళ్లీ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేసుకోగలడు. మన టీచర్లు తెలివిలో ఎవరికీ తీసిపోరు. వాళ్లకు ఆ అధికారం, ఆ శిక్షణ ఇవ్వలేదు, అంతే.

ఉద్యోగాలన్నీ విండోస్ మీదే కదా అని మాకు ఒక కార్యాలయంలో చెప్పారు. హైదరాబాద్, బెంగళూరుల్లో క్లౌడ్, సర్వర్ పనుల ఉద్యోగాలకు చాలావాటిలో మొదట అడిగేదే లినక్స్. ఇంజనీరింగ్‌లో చేరాక మూడో ఏడాది దాని కమాండ్లు చూసి కంగారుపడే పిల్లలను నేను ఎరుగుదును. ఎనిమిదో తరగతిలో అలవాటైతే ఆ టెన్షన్ ఉండదు. ఆఫీసు పని నేర్వాలనుకునేవాళ్లకు లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో నేర్చిన మొత్తాలు, సగటులు, వీ-లుకప్ లాంటి ఫార్ములాలు ఎక్సెల్‌లోనూ అలాగే పనిచేస్తాయి.

ఇబ్బందులు దాచి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు. ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుంది, కాబట్టి అకౌంటెంట్లకు విండోస్ తీసేయమని నేను చెప్పను. పేజీమేకర్, ఫొటోషాప్ మీద బతికే ప్రెస్సులకూ చెప్పను. మన ప్రతి జిరాక్స్ సెంటర్‌లో కనిపించే ఒక పాత లేజర్ ప్రింటర్ లినక్స్‌తో సరిగ్గా కలవదు, దాంతో గంటలు కుస్తీ పట్టాల్సి వస్తుంది. కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి. పెద్దవాళ్లకు మొదటి వారం మెనూలు కొత్తగా ఉంటాయి. ఇవన్నీ నిజం. వీటిలో చాలావరకు అలవాటుతో తీరతాయి. తీరనివి మాత్రం ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. వేలిముద్ర పరికరాలకు డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ మాత్రమే ఇస్తారు. డిజిటల్ సంతకం అడిగే కొన్ని పోర్టళ్లలో డౌన్‌లోడ్ చేసుకోమనే ప్రోగ్రామ్ విండోస్‌కు మాత్రమే ఉంటుంది. లినక్స్ వాడే పౌరుడు పన్ను కట్టాడు, ఆ పోర్టల్ అతని డబ్బుతోనే తయారైంది. అయినా అతను ఇంకొకరి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి నిలబడాలి.

పెద్ద వ్యవస్థలకు ఇది కుదరదని కూడా అన్నారు. ఫ్రాన్స్‌లో జెండర్మరీ అనే పోలీసు దళం 2008 నుంచి ఉబుంటుకు మారుతూ వచ్చింది, ఇవాళ దాని కంప్యూటర్లలో అత్యధికం ఉబుంటు మీదే నడుస్తున్నాయి. మన రక్షణ శాఖ 2023లో ఉబుంటు ఆధారంగా తయారైన మాయా అనే సిస్టమ్‌కు మారుతున్నట్టు వెల్లడైంది. దేశ రక్షణకు పనికొచ్చేది మా జిల్లా పరిషత్ హైస్కూలుకు ఎందుకు పనికిరాదు?

కాబట్టి మేం అడిగేవి ఇవి.

1. ఏ ల్యాబ్ కంప్యూటర్‌నైనా తుక్కుగా రాసేముందు అందులో లినక్స్ వేసి పరీక్షించడం తప్పనిసరి చేయండి. ఈ నిర్ణయం తీసుకునే అధికారం ప్రధానోపాధ్యాయులకు, ప్రిన్సిపాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. అన్నిటికన్నా ముందు ఇది కావాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక మెమో చాలు.

2. టెండర్లలో ఒక కంపెనీ సరుకు పేరు రాయడం ఆపండి. కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) విధానం ప్రకారం ఈ-గవర్నెన్స్ టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలి, వద్దనుకుంటే కారణం చెప్పాలి. రెండు రాష్ట్రాలూ అదే షరతు పెట్టుకోవచ్చు.

3. ప్రజలకు ఇచ్చే ప్రతి తెలుగు పత్రం యూనికోడ్‌లోనే ఉండాలి. ప్రజలు నింపాల్సిన ఫారాలు ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే పద్ధతిలో ఉండాలి.

4. ఇకమీదట కొనే వేలిముద్ర పరికరాలు, సంతకం టోకెన్లు, తయారయ్యే పోర్టళ్లు లినక్స్‌లోనూ పనిచేసి తీరాలని ఒప్పందంలోనే రాయించండి. ఇప్పుడున్న పోర్టళ్లకు గడువు పెట్టండి.

5. మండలానికి కనీసం ఇద్దరు టీచర్లకు ఓఎస్ వేయడం, చిన్న మరమ్మతులు చేసుకోవడం నేర్పించండి. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లినక్స్, లిబ్రేఆఫీస్ పాఠాలు తెలుగులో ఉచితంగా ఉన్నాయి, వాటితోనే మొదలుపెట్టవచ్చు.

6. విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకం ఏది పెట్టినా, తమిళనాడు ఒకప్పుడు విండోస్ పక్కనే బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చినట్టు, రెండూ వేసి ఇవ్వండి. ఏది వాడుకోవాలో పిల్లలు తేల్చుకుంటారు.

విండోస్‌ను నిషేధించమని మేం అడగడం లేదు. వద్దనుకునేవాడికి వేరే దారి మూయవద్దని అడుగుతున్నాం. మీ శాఖలో ఎవరికైనా సందేహం ఉంటే, మీరు చెప్పిన రోజున, మీరు చెప్పిన స్కూలుకు మా పెన్‌డ్రైవ్‌లతో వస్తాం. పక్కన పెట్టిన కంప్యూటర్ ఏదో మీరే చూపించండి, మీ సిబ్బంది ఎదుటే దాన్ని నడిపి చూపిస్తాం. దానికి భోజనం ఖర్చు కూడా అడగం. ఈసారి మాత్రం పరిష్కారమైందని మెసేజ్ వద్దు. మొదటి డిమాండ్‌కు అవునో కాదో, కాకపోతే ఎందుకు కాదో, సంతకంతో కూడిన జవాబు నెల రోజుల్లో ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక కంప్యూటర్ మెకానిక్, పల్నాడు జిల్లా
(అర్జీపై సంతకాలు చేసిన మెకానిక్కులు, ఉపాధ్యాయుల తరఫున)